గడ్డి మేడం పీహెచ్‌డీ

కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబుకి ఆమె పద్నాలుగేళ్లుగా అసిస్టెంటు. మైక్రోస్కోపుల అద్దాలు తుడవడం, స్లైడ్లు సర్దడం, ప్రాక్టికల్స్ ఉన్న రోజున ఉల్లిపాయ పొరలు జాగ్రత్తగా ఒలిచి నీళ్లలో వేసి ఉంచడం, పగిలిన బీకరుకి ఎవరు బాధ్యులో తేల్చడం, ఇవీ ఆమె పనులు. ఎమ్మెస్సీ పాసై ఉందన్న సంగతి కాలేజీలో సగం మందికి తెలియదు. ఆమె కూడా చెప్పుకోలేదు. పెళ్లి, కూతురు, అత్తగారి మోకాళ్ల ఆపరేషను ఒకదాని వెనక ఒకటి వచ్చేసరికి ఆ సర్టిఫికెట్టు బీరువా అడుగున చీరల కిందికి చేరింది.

ఒకరోజు కొత్తగా చేరిన లెక్చరరు ఒక మొక్కకి తప్పు పేరు చీటీ అంటించాడు. పిల్లలు దాన్ని చూసి రాసుకుంటున్నారు. ఆమె ఊరుకోలేక, పక్కకి పిలిచి చెప్పింది. అతను పుస్తకం తిరగేసి చూసి, నవ్వి, చీటీ మార్చాడు. "మీరు పీహెచ్‌డీ ఎందుకు చేయలేదు?" అని అడిగాడు. మర్యాదకే అడిగాడు పాపం. కానీ ఆ మాట ఆమెకి చెవిలో జోరీగలా తగులుకుంది.

ఇంట్లో చెప్పింది. భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. చేతిలో ఉన్న బాబిన్ కేసు ఊడదీస్తూనే, "చెయ్యి. ఎన్నేళ్లు పడుతుంది?" అన్నాడు.

"నాలుగేళ్లట."

"అయితే అయిదు అనుకుందాం."

అత్తగారికి మాత్రం నవ్వొచ్చింది. "ఇప్పుడీ వయసులో పోయి ఏం గడ్డి పీకుతావే అమ్మాయ్?" అంది. ఎవరిని చూసినా, ఏం చేస్తున్నా ఆవిడ నోట వచ్చే మాటే అది. అప్పటికి ఆమె వయసు ముప్ఫై ఏడు, కూతురికి ఎనిమిది.

యూనివర్సిటీలో ఆమెకి దొరికిన గైడు రిటైర్మెంటుకి ఎనిమిదేళ్ల దూరంలో ఉన్న ప్రొఫెసరు. విద్యార్థులు ఆయన్ని చాటున ఎర్రపెన్ను అంటారు. చదివిన కాయితం మీద తెల్ల చోటు మిగల్చడని పేరు. ఎప్పుడు చదువుతాడో మాత్రం ఎవరూ చెప్పలేరు. పార్ట్‌టైమ్ స్కాలరుగా చేరిన నెల రోజులకి ఆమె ముప్ఫై పేజీల ప్రణాళిక రాసుకెళ్లింది. నగరంలో దానంతటదే మొలిచే మొక్కలన్నిటి మీదా పరిశోధన. ఆయన మొదటి పేజీ చదివి పెన్ను మూత పెట్టేశాడు.

"చూడమ్మా, నగరంలో మొక్కలన్నీ అన్నావు. మొత్తం ఎన్ని వీధులున్నాయి?"

"తెలీదు సార్."

"తెలుసుకుని రా."

మున్సిపల్ ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగితే పద్దెనిమిది వందల అరవై అని తేలింది. రోజుకో వీధి చూసినా, ఆదివారాలు మానకపోయినా, ఒక్క చుట్టు పూర్తవడానికి అయిదేళ్లు. ఆఫీసు మెట్ల మీద నిలబడే ఆ లెక్క వేసుకుంది. మరుసటి వారం వెళ్లి, "ఒక్క వీధి చాలు సార్" అంది.

"ఏ వీధి?"

"మా ఇంటి నుంచి బస్టాపుకి వెళ్లేది."

"అదే ఎందుకు?"

"రోజూ ఎలాగూ నడుస్తాను కదా సార్."

ఆయన నవ్వడం ఆమె చూసింది అప్పుడే.

ఆ వీధి కాలిబాట పొడవు మూడు వందల అడుగులకి కొంచెం తక్కువ. పళ్ల డాక్టరు మెట్ల దగ్గర మొదలై, కళ్లద్దాల షాపు, జిరాక్సు షాపు, తాళాలు చేసేవాడి బల్ల, టీ కొట్టు దాటుకుని బస్టాపు దగ్గర ఆగుతుంది. సిమెంటు పలకలు పరిచారు. పలకకీ పలకకీ మధ్య వేలెడంత సందు. ఆ సందుల్లో గరిక, పులిచింత, గంగపాయల మొక్కలు బతుకుతున్నాయి. తొక్కినా, ఎండినా, ఎవరు చూసినా చూడకపోయినా. ఆమె అరవై చోట్లు ఎంచి, ఒక్కో చోట పలక అంచున పసుపు రంగు చుక్క పెట్టింది. పదిహేను రోజులకోసారి అన్ని చోట్లా కొలతలు తీయాలి. రోజుకి అయిదారు చోట్ల చొప్పున, పొద్దున ఆరింటికి చిన్న స్టూలు, స్కేలు, భూతద్దం, నోట్‌బుక్కు పట్టుకుని కూర్చునేది. ఏడున్నరకి లేచి, ఇంటికెళ్లి, కూతురికి జడ వేసి, కాలేజీకి పరిగెత్తేది.

మొదటి వారంలోనే వీధి వీధంతా గుప్పుమంది. మున్సిపాలిటీ వాళ్లు కొలతలు తీస్తున్నారనీ, షాపుల ముందు భాగాలు కూల్చేస్తారనీ టీ కొట్టాయన ప్రచారం చేశాడు. తాళాలాయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, నిజం చెప్పండి. నా బల్ల ఎంతవరకు పోతుంది?"

"మీ బల్లతో నాకు పని లేదండీ. దాని కింద గరికతో పని."

అతను నమ్మలేదు. ఆమె అతన్ని కూర్చోబెట్టి భూతద్దం చేతికిచ్చింది. గరిక కణుపు దగ్గర కొత్త వేరు తెల్లగా, దారప్పోగంత సన్నగా దిగుతోంది. చాలాసేపు చూసి, "ఇంతకాలం దీని నెత్తిన కూర్చుని తాళాలు చేస్తున్నానా!" అన్నాడు. ఆ రోజు నుంచి వీధిలో ఆమె పేరు గడ్డి మేడం.

ఒక్క మనిషితోనే పేచీ వచ్చింది. ఆ వీధి ఊడ్చే ఆవిడకి యాభై అయిదేళ్లుంటాయి. అందరూ పెద్దమ్మా అంటారు. ఊడుస్తూ ఊడుస్తూ సందుల్లో మొక్క కనిపిస్తే ఒక ఇనుప ముక్కతో గీకి పీకేస్తుంది.

"పెద్దమ్మా, చుక్కలు పెట్టిన చోట వదిలెయ్యవా?"

"బాగుంది మేడం! నేను వదిలేస్తే మా సూపర్‌వైజరు నన్ను వదుల్తాడా? మీ చదువు మీది, నా డ్యూటీ నాది."

పీకేసిన చోటల్లా ఆమె నోట్‌బుక్కులో 'పీ' అని రాసి చుట్టూ గుండ్రంగా గీసేది. మళ్లీ ఎప్పుడు మొలిచిందో, ఎన్ని పిలకలు వచ్చాయో పక్కన ముక్కలు ముక్కలుగా గిలికేది. ఒక్కోసారి, "మళ్లీ పీకింది మహాతల్లి!" అని కూడా రాసుకుంది.

మొదటి ఏడాది చివర ఒక అధ్యాయం రాసి గైడు బల్ల మీద పెట్టింది. నెలైంది. రెండు నెలలైంది. ఆయన కారిడార్లో కనిపిస్తే తల ఊపేవాడు, అంతే. మూడో నెలకి ఆమెకి నిద్ర తగ్గింది. చెత్తగా రాసి ఉంటాను, ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నారు అనుకుంది. నాలుగో నెలలో ఆ అధ్యాయాన్ని తనే మళ్లీ చదివి, నిజంగానే చెత్తగా ఉందని తేల్చుకుంది. తనకంటే చిన్నవాళ్లు టకటకా ఇంగ్లీషులో మాట్లాడుతూ సెమినార్లకి వెళ్లొస్తున్నారు. వాళ్ల మధ్య వెనక బెంచీలో కూర్చుంటే, ఎవరో పొరపాటున తన పేరు జాబితాలో ఎక్కించారనీ, ఇవాళో రేపో కనిపెట్టి కొట్టేస్తారనీ అనిపించేది.

అయిదో నెలలో ఆ సంగతి తోటి స్కాలరు, ఒక పొడుగు కుర్రాడి ముందు బయటపడింది. ఆకుల మీద పెరిగే బూజు గురించి చేస్తున్నాడతను. ఆరడుగుల పైన రెండంగుళాలు. అతను విని ఫక్కున నవ్వాడు.

"అక్కా, ఆయన చదివుండరు. చదివితే ఎరుపు కనపడేది కదా!"

"అయిదు నెలలా?"

"నాది ఏడు. ఆయన్ని 'చదివారా సార్' అని అడక్కూడదక్కా. సిగ్గుపడి ఇంకా తప్పించుకుంటారు. చిన్న ప్రశ్నలు రాసుకెళ్లు. అప్పటికప్పుడు జవాబు చెప్పేలా."

ఆమె అర కాయితం మీద మూడు ప్రశ్నలు రాసుకుని, బుధవారం నాలుగింటికి, ఆయన టీ తాగే వేళకి వెళ్లింది. మొదటి రెంటికీ ఆయన అక్కడికక్కడే జవాబు చెప్పాడు. మూడోదానికి, "దీనికి నీ అధ్యాయం చూడాలమ్మా" అంటూ లేచి వెతికాడు. కాయితాల దొంతర అడుగున దొరికింది. పైపేజీ మీద టీ కప్పు మరక గుండ్రంగా ఉంది. ఆయన మొహం చిన్నబోయింది. మర్నాటి సాయంత్రానికి పద్దెనిమిది పేజీలూ ఎర్రబారి వచ్చాయి. చివర, "పరవాలేదు. పని తెలిసిన మనిషి రాసినట్టుంది" అని ఒక ముక్క. అప్పటినుంచి రెండు వారాలకో బుధవారం అర కాయితం పట్టుకెళ్లడం అలవాటు చేసుకుంది. ఆరు నెలలు ఒక్కటీ తప్పలేదు.

అలా పని ఒక దారిన పడింది. ఇరవై మూడో నెల వచ్చింది.

ఆ సోమవారం పొద్దున వీధి మొదట్లోనే ఏదో తేడాగా అనిపించింది. పళ్ల డాక్టరు మెట్లు గాల్లో వేలాడుతున్నట్టున్నాయి. ముందుకి వెళ్తే కాలిబాట లేదు. పలకలు పెకలించి రోడ్డు పక్కన గుట్టలుగా పోశారు. కొన్ని పలకల మీద పసుపు చుక్కలు కనిపిస్తున్నాయి. ఒకదాని అంచుకి గరిక ఇంకా వేలాడుతోంది, వేర్లు గాలికి ఊగుతున్నాయి. ఆమె స్టూలు వేసుకోకుండా పలకల గుట్ట మీదే కూలబడింది.

కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. "అక్కడ కూర్చోకండమ్మా, జారతాయి."

"ఇక్కడ నా పరిశోధన జరుగుతోందండీ. చుక్కలు చూళ్లేదా?"

"పిల్లలు ఆడుకోడానికి పెట్టారనుకున్నాం. పర్మిషన్ ఉందా?"

"యూనివర్సిటీ లెటరుంది."

"మా ఆఫీసులో ఇచ్చారా?"

ఆ లెటరు రెండేళ్లుగా ఆమె బ్యాగు లోపలి జిప్పులోనే ఉంది. ఎవరైనా అడిగితే చూపిద్దామని పెట్టుకుంది. ఎవరూ అడగలేదు. తనే వెళ్లి ఇవ్వాలని తోచలేదు.

అరవై చోట్లలో బస్టాపు చివర తొమ్మిది మాత్రం మిగిలాయి. ఆ తొమ్మిదీ కూడా మధ్యాహ్నానికి పోయాయని టీ కొట్టాయన తర్వాత చెప్పాడు.

ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున మామూలుగానే స్టూలు, నోట్‌బుక్కు పట్టుకుని బయల్దేరింది. తారు రోడ్డు మీదుగా నడిచి బస్టాపు బెంచీ మీద కూర్చుని, ఎవరో వదిలేసిన పేపరు చదివి, ఏడున్నరకి ఇంటికొచ్చింది. ఆ మర్నాడూ అంతే. "ఎలా ఉన్నాయి నీ మొక్కలు?" అని భర్త అడిగితే, "బానే ఉన్నాయి" అంది. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు తనకే భయం వేసింది. బుధవారం వచ్చింది. జ్వరమని గైడుకి కబురు పెట్టింది. మానేస్తే ఏమవుతుంది? ఏమీ అవదు. ల్యాబు ఉంది, జీతం ఉంది. పేరు ముందు ఒక అక్షరం లేకపోతే ఎవరికి నష్టం? ఈ ప్రశ్నలన్నీ బెంచీ మీద కూర్చుని వేసుకుంది. జవాబులు కూడా సరిగ్గానే ఉన్నాయి. అయినా మర్నాడు పొద్దున మళ్లీ స్టూలు పట్టుకునే బయల్దేరేది.

పదో రోజు పొద్దున గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే అత్తగారు ఆపింది.

"అమ్మాయ్, ఎక్కడికెళ్లొస్తున్నావు?"

"అదేంటి అత్తయ్యా, వీధికే."

"తొమ్మిది రోజుల్నుంచి నీ చెప్పులకి మట్టి లేదు. రెండేళ్లుగా ఈ గుమ్మం తుడిచి తుడిచి నా నడుం పడిపోయింది. నాకు తెలీదనుకున్నావా?"

ఆమె గుమ్మంలోనే కూర్చుని అంతా చెప్పేసింది. అత్తగారు అడ్డు రాకుండా విన్నది.

"ఈ ముక్క మీ సారుకి చెప్పావా?"

"లేదు."

"ఆయనకి చెప్పకుండా నాకు చెప్తే నేనేం చేసేది? నేనేమైనా పీహెచ్‌డీ చేశానా? లే, మొహం కడుక్కో. ఇవాళ పిల్లకి జడ నేనేస్తాలే."

గైడు విన్నాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె తిట్లకి సిద్ధపడి ఉంది.

"నోట్‌బుక్కులున్నాయా?"

"ఉన్నాయి సార్. పదకొండు."

"అన్నీ పట్రా. పోయినదాని సంగతి తర్వాత. ముందు మన దగ్గరేముందో చూద్దాం."

వరసగా రెండు మధ్యాహ్నాలు ఇద్దరూ ఆ పుస్తకాలు తిరగేశారు. మూడేళ్ల పెరుగుదల చూడాలన్న ప్రశ్నకి రెండేళ్ల కొలతలు చాలవు. అది మొదటి గంటలోనే ఖాయమైంది. రెండో మధ్యాహ్నం ఆయన వేలు ఒక గుండ్రం మీద ఆగింది.

"ఈ 'పీ' ఏంటమ్మా? పేజీకి పది ఉన్నాయి."

"పీకేసింది అని సార్. ఊడ్చే ఆవిడ. అవి పాడైన చోట్లని పక్కన పెట్టేశాను."

"ఎన్ని?"

కూర్చుని లెక్కపెడితే ఆరు వందల నలభై మూడు తేలాయి.

"మళ్లీ ఎప్పుడు మొలిచిందో ప్రతిదానికీ రాసినట్టున్నావే!"

"చిరాకు కొద్దీ రాశాను సార్."

"చిరాకుతో రాసినా తేదీ వేశావు కదా." ఆయన ఇంకో పుస్తకం లాక్కున్నాడు. "మహాతల్లి అంటే ఎవరు?"

ఆమెకి సిగ్గు ముంచుకొచ్చింది. ఆయన మాత్రం నవ్వకుండా, ఏ మొక్క పీకితే ఎన్నాళ్లకి లేచిందో ఒక కాయితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి ఆ కాయితం మీద కొత్త ప్రశ్న ఒకటి నిలిచింది. నడిచే దారుల్లో మొక్కని పీకినప్పుడు, ఏ పద్ధతిలో, ఎప్పుడు పీకితే అది మళ్లీ ఎంత వస్తుంది? వీధిలో దొరికిన సూచన చాలదు. పద్ధతి ప్రకారం పెంచి, పద్ధతి ప్రకారం పీకి చూడాలి.

అంశం మార్చడానికి కమిటీ ఒప్పుకోవాలి. ఒక సభ్యుడు, "కలుపు పీకడం కూడా పరిశోధనేనా?" అని మెలిక పెట్టాడు. ఫారం మూడుసార్లు తిరిగొచ్చింది, ఒకసారి సంతకం తప్పు గడిలో పడిందని. నాలుగు నెలలు అలా పోయాయి. ఈలోగా ఆమె ఊరికే కూర్చోలేదు. కాలేజీ వెనక సైకిల్ స్టాండు పక్క ఖాళీ స్థలానికి ప్రిన్సిపాల్ దగ్గర రాతమూలకంగా అనుమతి తీసుకుంది. ఒక కాపీ ఆఫీసులో, ఒకటి తోటమాలికి, ఒకటి వాచ్‌మన్‌కి ఇచ్చింది. ఇంకోటి గోడకి అంటించింది. భర్త రెండు ఆదివారాలు వచ్చి, వీధిలోంచి తీసేసిన పాత పలకల్లోంచే తొంభై ఆరు ఏరి, సందులు కొలిచి పరిచాడు.

పెద్దమ్మని వెతుక్కుంటూ వార్డు ఆఫీసుకి వెళ్లింది. ఆవిడ హాజరు వేసుకుని బయటికొస్తోంది.

"పెద్దమ్మా, మా కాలేజీకొచ్చి గడ్డి పీకాలి."

పెద్దమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "రెండేళ్లు పీకొద్దని నా ప్రాణం తీశారు. ఇప్పుడు పీకమంటారా? నిజంగా చదువే కదా మేడం ఇది?"

ఆదివారాలకి కాలేజీ తరఫున కూలి ఇప్పించేలా మాట్లాడాకే ఆవిడ ఒప్పుకుంది. మొదటి రోజే పాఠం చెప్పింది. "చూడండి, పొడి మట్టిలో లాగితే ఇలా పైన తెగి చేతికొస్తుంది. పీకాం అనిపిస్తుంది, అంతే. తడి ఆరకముందు, మొదట్లో రెండు వేళ్లతో పట్టి కాస్త తిప్పి లాగాలి. ఇరవై రెండేళ్లలో ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. మా సూపర్‌వైజరుకి కావాల్సింది పైన శుభ్రంగా కనపడ్డమే." ఆ మాటలన్నీ ఆమె తేదీతో సహా రాసుకుంది. తర్వాత థీసిస్‌లో పద్ధతుల అధ్యాయానికి అవే పునాది.

సందుల్లో మొక్కలు పెంచి మూడు రకాలుగా చూసింది: వారానికోసారి పొడిగా పీకినవి కొన్ని, వాన పడ్డాకే పీకినవి కొన్ని, అసలు ముట్టుకోనివి కొన్ని. ఎక్కువసార్లు పీకితే తక్కువ మొలుస్తుందని ఆమె ఊహ. ఆరు నెలలు తిరిగేసరికి గరిక విషయంలో అది తలకిందులైంది. ఊరికే పొడిగా పీకిన చోట ముట్టుకోని చోటికంటే ఎక్కువ పిలకలు! తనే తప్పు లెక్కపెట్టాననుకుని మళ్లీ లెక్కపెట్టింది. పలకల నంబర్లు తారుమారయ్యాయేమోనని చూసింది. లెక్కల లెక్చరరు దగ్గర కూర్చుని, గణాంకాల్లో తనకి రానిదంతా మొదటినుంచి నేర్చుకుంది. మూడు నెలలు ఆయనకి తలప్రాణం తోకకి తెచ్చింది. ఫలితం మాత్రం మారలేదు. ఊహే తప్పు, లెక్క సరైనదే.

ఇక రాయడం మిగిలింది. అసలు కష్టం అక్కడ పడింది. పొద్దున అయిదింటి నుంచి ఎనిమిది దాకా వంటింటి బల్ల మీద కూర్చుంటే మొదటి వాక్యం కుదిరేది కాదు. గొప్పగా మొదలుపెట్టాలని పెద్ద పెద్ద మాటలు ఏరుకొచ్చి పేర్చేది, చదువుకుని కొట్టేసేది. రెండు నెలల్లో పూర్తయింది పేజీన్నర. ఒకరోజు భర్త టీ కప్పు పెడుతూ ఆ పేజీ చూశాడు.

"ఇందులో గడ్డి ఎక్కడుంది?"

"వస్తుంది. ముందు నేపథ్యం రాయాలి."

"నాకు మిషన్ రిపేరుకొస్తే చీటీ మీద ఏం రాస్తానో తెలుసా? ఏ మిషను, ఏం పాడైంది, ఏం విప్పాను, ఏం వేశాను. అంతే. మిషన్ ఎవరు కనిపెట్టారో రాయను."

ఆమెకి కోపమొచ్చింది. కప్పు తీసుకుని వరండాలోకి పోయింది. కానీ మర్నాడు నేపథ్యం మానేసి, ఏం చేసిందీ ఎలా చేసిందీ రాయడం మొదలుపెట్టింది. ఆ అధ్యాయం మూడు వారాల్లో అయింది. మిగతావాటికి పొడుగు కుర్రాడు ఇంకో ఉపాయం చేశాడు. శనివారాలు లైబ్రరీ మూడో అంతస్తులో నలుగురు స్కాలర్లు పది నుంచి ఒంటిగంట దాకా కూర్చుంటారు. ఫోన్లు ఒక అట్టపెట్టెలో. మాటల్లేవు. లేచేముందు ఎవరెంత రాశారో చెప్పాలి.

"ఆరు లైన్లు" అంది ఆమె మొదటి శనివారం.

"నేను ఉన్నవే నాలుగు పేజీలు కొట్టేశాను" అన్నాడు చరిత్ర స్కాలరు.

అది విని నలుగురూ కడుపుబ్బ నవ్వారు. ఇన్నాళ్లూ టకటకా ఇంగ్లీషు మాట్లాడే వాళ్లందరికీ అన్నీ వచ్చనుకుంది. ఒక్కొక్కళ్ల అవస్థ బయటపడుతుంటే ఆమె భుజాల మీది బరువు దిగింది. పది నెలల శనివారాల తర్వాత రెండు వందల పన్నెండు పేజీలు బైండింగుకి వెళ్లాయి.

వైవాకి బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు మెత్తగా మాట్లాడే మనిషి. గంటసేపు అన్నీ బాగా జరిగాక అడిగింది.

"పీకింది మొత్తం ఒక్క మనిషే కదండీ. ఆవిడది ఆరితేరిన చెయ్యి. ఇంకెవరైనా పీకితే ఇదే ఫలితం వస్తుందా?"

గైడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కొచ్చు. కానీ తొమ్మిది రోజుల బస్టాపు బెంచీ ఆమెకి ఒకటి నేర్పింది, దాచిన కొద్దీ బరువు పెరుగుతుందని.

"తెలీదు మేడం. నేను పరీక్షించలేదు. అది లోపమే. నూట తొంభయ్యో పేజీలో ఒక వాక్యం రాశాను."

"ఒక వాక్యం చాలదండీ" అంది పరీక్షకురాలు అంతే మెత్తగా. "ఇంకో ఇద్దరి చేత పీకించి, మూడు నెలల ఫలితం జోడించి తీసుకురండి."

బయటికొచ్చాక గైడు, "ఆవిడ అడిగింది న్యాయమే. నేనే అడిగుండాల్సింది" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం ఆమెకి ఓదార్పు కంటే ఎక్కువైంది. భర్త, కాలేజీ తోటమాలి కలిసి మూడు నెలలు పీకారు. ఇద్దరూ పెద్దమ్మ చేత తిట్లు తిన్నారు. "పిల్లి మీసం లాగినట్టు లాగుతారేంటి!" అని. గరికకీ పులిచింతకీ అవే ఫలితాలు వచ్చాయి. గంగపాయల దగ్గర తేడా వచ్చింది. నేర్పులేని చెయ్యి పీకి పక్కన పడేస్తే, ఆ తుంటలే మళ్లీ వేళ్లూనుకున్నాయి. ఆమె ఉన్నదున్నట్టు రాసింది, తేడాతో సహా. పరీక్షకురాలు సంతకం పెట్టింది.

చేరిన రోజు నుంచి లెక్కిస్తే ఆరేళ్ల ఎనిమిది నెలలు. భర్త చెప్పిన అయిదు కూడా దాటిపోయింది. కూతురు పదో తరగతికొచ్చింది, జడ తనే వేసుకుంటోంది.

డిగ్రీ వచ్చినందువల్ల పెద్దగా ఏదీ మారలేదు. లెక్చరరు పోస్టుకి రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్లింది, రెండుసార్లూ వేరేవాళ్లని తీసుకున్నారు. రెండో ఏడాది విద్యార్థులకి వారానికి రెండు క్లాసులు చెప్పమని కాలేజీ వాళ్లు అడిగారు. ఒప్పుకుంది. మొక్కల మీద మనుషుల చేతుల ప్రభావం గురించి చెప్తుంటే వెనక బెంచీల వాళ్లు కూడా తలెత్తి వింటారని పేరు వచ్చింది. కాలిబాటల నిర్వహణ గురించి ఆమె రాసిన నాలుగు పేజీల నివేదికని మున్సిపల్ ఆఫీసు తీసుకుని రసీదు ఇచ్చింది. అమలు చేస్తారో లేదో తెలియదు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. డిగ్రీ కాయితం చేతికొచ్చిన మరుసటి సోమవారం ఆమె ల్యాబులోకి అడుగుపెట్టగానే సిబ్బంది చప్పట్లు కొట్టారు. విభాగాధిపతి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"రండి డాక్టర్ గారూ, రండి. మూడో సింకులో నీళ్లు పోవడం లేదు."

ఆమె నవ్వి, బ్యాగు కుర్చీలో పెట్టి, చీర కొంగు నడుముకి దోపుకుంది. సింకు గొట్టంలోంచి పోయిన వారం ప్రాక్టికల్స్ ఉల్లిపాయ పొట్టు గుప్పెడు బయటికొచ్చింది. పది గంటలకల్లా నీళ్లు గలగలా దిగిపోయాయి. మొదటి బ్యాచి పిల్లలు అప్పుడే తలుపు దగ్గర గుమిగూడుతున్నారు.